అధ్యక్షుడనగా ఎవరు? దోర్నకలు అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 20:17-35, 1 పేతురు 5:1-4



జొన్నచేను కంకిపట్టిన దినములలో మన మైదుకూరు చుట్టుపట్ల పొలముగట్లమీద నడచినవారికి మంచె సంగతి బాగుగా తెలియును. నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరచి, దానిమీద ఒకడు నిలిచి వడిసెల త్రిప్పుచు పిట్టలను తోలుచుండును. అతడు అందరికంటె ఎత్తున ఉన్నాడు గనుక అందరికంటె గొప్పవాడని ఎవరును అనుకొనరు. ఆ ఎత్తు అతని మర్యాదకొరకు కట్టినది కాదు. చేను నాలుగు మూలలు అతని కంటికి కనబడుటకు కట్టినది. కావలివాడు నిద్రపోయినయెడల మంచె యెంత ఎత్తుగా ఉన్నను పంట పిట్టల పాలగును.

సంఘములో బిషప్పు అను పేరు అట్టి ఎత్తైన స్థలము పేరు. ఆ పేరు ఎక్కడనుండి వచ్చినది? దాని అర్థమేమి? మన దేశములో ఆంగ్లికను సంఘములో ఆ పేరు మొదట పొందిన భారతీయుడు దానిని ఎట్లు మోసెను? ఈ సంగతులను ఈ నెల మనము ధ్యానింతము. ఆయన మన తెలుగు పల్లెలలోనే పనిచేసి, తెలుగు నేలలోనే నిద్రించిన బిషప్పు వేదనాయకం సామ్యూలు అజరయ్యగారు.

మాట పుట్టిన విధము

బిషప్పు అను మాట ఇంగ్లీషువారినుండి మనకు వచ్చెను. వారికి లాటినునుండియు, లాటినునకు గ్రీకునుండియు వచ్చెను. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో ఆ మాట ఎపిస్కొపొస్. ఎపి అనగా మీద. స్కొపొస్ అనగా చూచువాడు. పైనుండి కనిపెట్టి చూచువాడని దాని భావము. మొదట అది గుడికి సంబంధించిన మాట కాదు. గ్రీకు దేశములో ఊళ్ల పనులను విచారించుటకు నియమింపబడిన ఉద్యోగులను అట్లు పిలిచెడివారు. ఆది క్రైస్తవులు ఆ లోకపు మాటను తీసికొని సంఘమును కాచువారికి పేరుగా పెట్టిరి.

మన తెలుగు బైబిలులో ఈ మాటకు అధ్యక్షుడని యున్నది. ఈ మాటనుకూడ విప్పి చూడుడి. సంస్కృతములో అధి అనగా మీద. అక్షము అనగా కన్ను. మీద కన్ను వేసి ఉంచువాడు అధ్యక్షుడు. గ్రీకు మాటలో ఉన్న చూపే మన మాటలోనుకూడ ఉన్నది. అయితే నేడు అధ్యక్షుడనగానే మన మనస్సునకు సభలో నడుమ వేసిన కుర్చీయు, మెడలో పూలదండయు తోచుచున్నవి గాని, కన్ను తోచుట లేదు.

పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతుకు పిలిపించి వీడ్కోలు చెప్పిన దినమును జ్ఞాపకము చేసికొనుడి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో 17వ వచనమున పెద్దలని పిలువబడినవారే 28వ వచనమున అధ్యక్షులని పిలువబడిరి. కావున మొదట పెద్దయు అధ్యక్షుడును వేర్వేరు అంతస్తులవారు కారు. మందలోనికి తోడేళ్లు చొరబడునని పౌలు వారిని హెచ్చరించెను. తన చేతులతో కష్టపడి తన అవసరములు తీర్చుకొంటినని వారికి చూపెను. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయములో అధ్యక్షునికి ఉండవలసిన గుణములను చెప్పినప్పుడు ఆయన వంశమునుగాని ధనమునుగాని అడుగలేదు. ధనాపేక్షయు జగడమును లేనివాడై తన యింటిని చక్కగా ఏలువాడై యుండవలెనని కోరెను. పేతురు తన మొదటి పత్రిక 2వ అధ్యాయము చివర ఈ పేరును మన ప్రభువునకే ఇచ్చెను. మన ఆత్మలను నిజముగా కనిపెట్టి చూచువాడు ఆయనయే; తక్కినవారు ఆయన క్రింద కావలివారు.

రెండవ శతాబ్దపు ఆరంభములో అంతియొకయ సంఘపు ఇగ్నేషియసు వ్రాసిన పత్రికలలో ఒక్కొక్క పట్టణపు సంఘమునకు ఒక బిషప్పు, ఆయనతోకూడ పెద్దలు, పరిచారకులు అను క్రమము కనబడుచున్నది. ఆ దినములలో బిషప్పు అగుట సుఖమునకు మార్గము కాదు. హింస వచ్చినప్పుడు ముందు పట్టుబడువాడు బిషప్పే. ఇగ్నేషియసు రోములో ప్రాణము పెట్టెను. తరువాత రాజులు క్రైస్తవులైరి. భూములు, కోటలు, సింహాసనములు వచ్చెను. ఐరోపాలో బిషప్పు ప్రభువులతో సమానుడాయెను. కావలివాడు చూపును మరచినను మంచె మాత్రము పెరుగుచు వచ్చెను.

మన దేశమునకు ఆంగ్లికను సంఘపు మొదటి బిషప్పు 1814లో కలకత్తాకు వచ్చెను. ఆయన పేరు థామసు మిడిల్టన్. అప్పటినుండి 1912 వరకు, అనగా 98 సంవత్సరములు, ఆ సంఘమునకు ఈ దేశములో ఉన్న బిషప్పులందరు తెల్లవారే. కేరళలోని సిరియను సంఘములకు తమవారైన బిషప్పులు పూర్వమునుండి యుండిరిగాని, మన పల్లెలలో బిషప్పనగా దొరయే. కంటికి పెట్టిన పేరు దొరతనమునకు పేరాయెను.

పల్లె పాదిరి కుమారుడు

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళదేశములో తిరునెల్వేలి సీమయందలి వెళ్లాలన్‌విళై అను పల్లెలో పుట్టిరి. తండ్రి థామసు వేదనాయకముగారు హిందూ మతమునుండి ప్రభువును నమ్ముకొని ఆ పల్లె సంఘమునకు పాదిరిగా ఉండిరి. వారు నాడారు కులస్థులు. ఆ దినములలో ఆ కులమువారిని గుడులలోనికి రానిచ్చెడివారు కారు. కుమారునికి పదునైదేండ్లు నిండునప్పటికి తండ్రి చనిపోయెను. తల్లి ఎల్లెనమ్మగారు ప్రార్థనతోను క్రమశిక్షణతోను అతనిని పెంచెను.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరిగాని బి.ఎ. పట్టా పొందలేదు. 1895 మొదలు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. చదువుకొన్న ఆ తల్లి భర్త పనిలో సగము భారము మోసెను.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు పోయిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవారినే సువార్త పనికి పంపుట చూచిరి. తన సొంత తిరునెల్వేలిలో వేలకొలది క్రైస్తవులుండియు అట్టి పని లేదని ఆయన హృదయము నొచ్చెను. ఇంటికి వచ్చి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘము పుట్టెను. భారతీయుల డబ్బు, భారతీయుల పని, భారతీయుల ఆలోచన అనునది దాని నియమము. ఆ సంఘము ఎన్నుకొన్న పొలము మన తెలుగుదేశములో నిజాముగారి రాజ్యమందలి దోర్నకలు ప్రాంతము. నేడది తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. 1905 క్రిస్మసు దినమున సేరంపూరులో పుట్టిన జాతీయ మిషనెరీ సంఘమునకును ఆయన మూలపురుషులలో ఒకరు.

ఇతరులను పొండని పంపుచు తాను కార్యాలయములో కూర్చుండుట ఆయన మనస్సునకు న్యాయముగా తోచలేదు. పేరున్న ఉద్యోగమును విడిచి 1909లో అభిషేకము పొంది, ఆ సంఘపు మిషనెరీగా దోర్నకలుకు వచ్చిరి. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సులో, పిల్లలు నేర్చునట్లు, తెలుగు నేర్చుకొనిరి.

1910లో స్కాట్లాండు దేశములోని ఎడింబరోలో లోకమంతటి మిషనెరీల మహాసభ జరిగెను. వెయ్యిమందికి పైగా కూడిన ఆ సభలో భారతీయులు కొలదిమందే. అజరయ్యగారు లేచి, తెల్ల మిషనెరీలు మన దేశమునకు చేసిన త్యాగమును ఒప్పుకొనుచునే, వారు తమతో పనిచేయు భారతీయులను భోజనపు బల్లయొద్దకు పిలువకుండుటను, జీతగాండ్లవలె చూచుటను ఎత్తి చెప్పిరి. మాకు దానములకంటె స్నేహము కావలెనని వేడుకొనిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి, కొందరు సిగ్గుపడిరి. ఆ మాట నేటివరకు మరువబడలేదు.

పదకొండుమంది చేతులు

ఆ కాలమున మద్రాసు బిషప్పుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్‌గారు అజరయ్యగారిని బిషప్పుగా అభిషేకింపవలెనని పట్టుపట్టిరి. తిరునెల్వేలిలో సహాయ బిషప్పుగా పెట్టుదమన్న ఆలోచన మొదట వచ్చెను. అది సాగలేదు. నల్లవాని చేతిక్రింద తెల్లవారు ఎట్లు పనిచేతురని కొందరు మిషనెరీలు ఆక్షేపించిరి. మనవాడే మనమీద పెద్దయగుట సహింపలేక కొందరు భారతీయులును ఆక్షేపించిరి. సోదరులారా, ఈ రెండవ మాటను మనము త్వరగా దాటిపోరాదు. దూరపు దొరకు వంగిన తల పొరుగింటి సహోదరునికి వంగుట కష్టము.

చివరకు దోర్నకలు క్రొత్త అధ్యక్షఖండముగా ఏర్పడెను. 1912 డిసెంబరు 29న కలకత్తా పరిశుద్ధ పౌలు దేవాలయములో పదకొండుమంది బిషప్పులు ఆయన తలమీద చేతులుంచిరి. ఆయన ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయెను. అప్పుడాయనకు ముప్పదియెనిమిదేండ్లు.

అటుతరువాత ఆయన ఏమి చేసిరి? ఎద్దుబండి కట్టించుకొని పల్లెలకు బయలుదేరిరి. దేశమును చూడకుండ దేశమును కాచుట కాదని ఆయన యెరుగుదురు. పల్లెలలో దిగి, చెట్టుక్రిందనో చిన్న ప్రార్థన గుడిలోనో కూర్చుండి, అక్షరము రాని బీదవారికి కథలుగా, పాటలుగా, ప్రశ్నలుగా వాక్యము నేర్పిరి. పల్లె ఉపదేశకులకు బోధించి, వారిలోనుండి సంఘ కాపరులను సిద్ధపరచిరి. ఎక్కువమంది మాల మాదిగ సహోదరులు. ఊరివారు వారిని వేరుగా పెట్టుటయే గాక, వారిలో వారును వేరుగా నుండిరి. ప్రభువు బల్లయొద్ద ఆ రెండు వాడల భేదము ఉండరాదని ఆయన గట్టిగా నిలిచిరి. త్రాగుడును, బాల్యవివాహమును, అప్పుచేసి పెండ్లిండ్లు చేయుటను ఖండించిరి. క్రమశిక్షణ విషయములో ఆయన కఠినుడే. తమ కాపరిని తామే పోషించుకొనని సంఘము ఎన్నటికి నిలువబడదని చెప్పి, బీదవారికిని ఇచ్చుట నేర్పిరి. క్రైస్తవుడు ఇచ్చు విధమును గూర్చి ఒక గ్రంథమునే వ్రాసిరి. అన్బమ్మగారు స్త్రీలమధ్య మాతృ సంఘముల పని నడిపిరి.

తమ చెయ్యి తమ తలమీద

ఆయన పద్ధతి ఒకటి మనము ముఖ్యముగా తెలిసికొనవలెను. బాప్తిస్మము పొందినవారు కూడియున్నప్పుడు, మీ చేతులు మీ తలలమీద పెట్టుకొనుడని ఆయన చెప్పెడివారు. కూలివాడును, పశువుల కాపరియు, వృద్ధురాలును తమ కుడిచెయ్యి తమ తలమీద ఉంచుకొనెడివారు. అప్పుడు ఆయన చెప్పగా వారు పలికెడివారు. తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త చెప్పకున్న తమకు శ్రమ అనియు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పౌలు తన్ను గూర్చి చెప్పుకొన్నట్లు ఒప్పుకొనెడివారు.

కలకత్తాలో పదకొండుమంది చేతులు ఆయన తలమీద పడెను. పల్లెలో ప్రతి బీదవాని తలమీద వాని చెయ్యియే పడెను. తనమీద ఉంచబడిన భారమును ఆయన తనయొద్దనే దాచుకొనలేదు. కావలి ఒక్కని పని కాదని, చేను అందరిదని, ఆ పద్ధతితో చూపిరి.

ఫలము దేవుడిచ్చెను. చిన్నదిగా మొదలైన ఆ అధ్యక్షఖండములో ఆయన మరణమునాటికి రెండు లక్షలకు మించిన క్రైస్తవులుండిరి. మాల మాదిగ పల్లెలలో కలిగిన మార్పును చూచి 1930 ప్రాంతములలో ఇతర కులములవారును ప్రభువునొద్దకు వచ్చిరి. మతమార్పిడి విషయమై గాంధీగారితో ఆయనకు అభిప్రాయభేదము కలిగెను. అయినను దేశమును ప్రేమించుటలో ఆయన వెనుకబడలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని చెప్పినవారిలో ఆయనయు ఒకరు.

దోర్నకలులో ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు, ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు మసీదువలెను, స్తంభములు హిందూ దేవాలయ మండపమువలెను ఉండి, సిలువ అన్నిటిమీద నిలిచియున్నది. అది కట్టుటకు అనేక సంవత్సరములు పట్టెను. మనుష్యులను కట్టుట ముందు, రాళ్లు కట్టుట వెనుక అన్నట్లుగా ఆయన పని సాగెను.

కడప కర్నూలు సీమలో

మన మైదుకూరునుండి కర్నూలు బాటను ఉత్తరముగా పోయినయెడల చాగలమర్రియు, దాని దాపున ముత్యాలపాడును తగులును. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు ప్రాంతములలో 19వ శతాబ్దపు నడిమినుండి ఆంగ్లికను మిషనువారు పనిచేసిరి. 1920 తరువాత ఈ సంఘములును దోర్నకలు అధ్యక్షఖండములో చేరినవి. ఆ విధముగా అజరయ్యగారు మన సీమకును బిషప్పు.

దక్షిణమున కడప, జమ్మలమడుగు తట్టున ఉండినది లండను మిషను. వారికి బిషప్పులు లేకుండిరి. ప్రతి సంఘము తన పెద్దలతో తానే నడువవలెనన్నది వారి పద్ధతి. బిషప్పనగా ప్రభుత్వము చేయువాడని వారు జంకుటలో ఆశ్చర్యమేమున్నది? ఒక సీమలో ఉత్తరపువారు బిషప్పు లేనిదే సంఘము కాదనిరి. దక్షిణపువారు బిషప్పు ఉన్నయెడల స్వాతంత్ర్యము పోవుననిరి. ఒకే ప్రభువు, ఒకే వాక్యము. అయినను ఒకరి బల్లయొద్ద ఒకరు కూర్చుండలేదు.

1919లో తరంగంబాడిలో కూడిన పాదిరులు, ముఖ్యముగా భారతీయులు, ఈ విభజన తగదని ప్రకటించిరి. ఆ కూటమునకు ముందుండి నడిపినది అజరయ్యగారే. అప్పటినుండి ఇరువది యెనిమిది సంవత్సరములు మాటలు సాగెను. ముడిపడిన ప్రశ్నలలో ముఖ్యమైనది బిషప్పు పదవియే. తుదకు ఒప్పుకొనినది ఏమనగా, పూర్వమునుండి వచ్చిన ఆ పదవి ఉండవలెను. అయితే బిషప్పు సంఘము చేసిన కట్టడలకు లోబడి పనిచేయవలెను. ప్రభుత్వము చేయువాడు కాక కనిపెట్టి చూచువాడుగా ఉండవలెనని కోరిరి. మాట తన పుట్టింటికి తిరిగి వచ్చెను.

ఆ దినమును అజరయ్యగారు చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకలులో ఆయన ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. కడప సీమలోని లండను మిషను సంఘములు దానిలో చేరినవి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో పెక్కు చేరక, వెలుపలనే నిలిచి, 1970 తరువాతి సంవత్సరములలో కలిసినవి. ఆయన ఇంత ప్రయాసపడిన ఐక్యము ఆయన సొంత మందలోనే ఇంత ఆలస్యమాయెనని తలంచునప్పుడు మనము తల వంచుకొనవలెను. అయితే దేవుడు ఆ నంద్యాలనుకూడ మరువలేదు. 2013లో దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పుగా ఇ. పుష్పలలితగారు నంద్యాల అధ్యక్షఖండమునకే అభిషేకింపబడిరి. నల్లవాడు తగడని ఆక్షేపించిన కాలముండెను; స్త్రీ తగదని ఆక్షేపించిన కాలమునుండెను. చూచు కన్ను ఏ రంగువారిదని, పురుషునిదో స్త్రీదో అని మంద అడుగదు. కన్ను తెరచి యున్నదా అని మాత్రమే అడుగును.

మన పాలు

ప్రియులారా, ఈ జీవితమునుండి మన పల్లె సంఘములకు వచ్చు ప్రశ్న చిన్నది కాదు. పదవులకొరకు పోటీలు, ఓట్లకొరకు పక్షములు, సంఘపు భూములకొరకు కోర్టు వ్యాజ్యములు మనము కండ్లార చూచుచున్నాము. ఎవరు మంచె ఎక్కవలెనని చేనిగట్టున కొట్లాడుచుండగా పిట్టలు కంకులు తినిపోవుచున్నవి. సంఘమునకు రాక నిలిచిపోయిన యువకుని ఎవరు కనిపెట్టిరి? వానలు లేక అప్పులపాలైన రైతు ఇంటికి ఎవరు పోయిరి? పనికై బెంగుళూరుకు వలసపోయిన కుటుంబపు ముసలి తల్లిని ఎవరు పలుకరించిరి?

ఈ ప్రశ్నను బిషప్పుగారికి పంపి మనము తప్పించుకొనలేము. సంఘపెద్ద తన వీధిమీద అధ్యక్షుడు. ఆదివారపు బడి పంతులమ్మ తన పిల్లలమీద అధ్యక్షురాలు. తల్లియు తండ్రియు తమ యింటిమీద అధ్యక్షులు. పేరు లేకపోయినను కన్ను ఉండవచ్చును. పేరుండి కన్ను లేకపోవుట భయంకరము.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో 1 పేతురు 5వ అధ్యాయము మొదటి నాలుగు వచనములు చదువుడి. తరువాత ఇంటిలోని వారందరు, పిల్లలతోకూడ, తమ చెయ్యి తమ తలమీద ఉంచుకొని, ఈ వారము నేను ఎవరిని కనిపెట్టి చూడవలెనని దేవుని అడుగుడి. ఒక పేరు ఆయన చూపును. తెల్లవారగానే ఆ యింటికి పొండి.

ప్రార్థన

మా ఆత్మల కాపరివైన ప్రభువా, నీ దాసుడు అజరయ్యగారిని మా తెలుగు పల్లెలకు పంపినందుకు నీకు స్తోత్రము. మాపై ఉంచబడిన కాపరులకు తెరచిన కన్నులను, వంగిన హృదయములను దయచేయుము. పదవిపై ఆశను మాలోనుండి తీసివేయుము. మా పొరుగువారిలో ఒక్కరును మా నిద్రవలన నశింపకుండ మమ్మును మేలుకొలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.